నుదురు లేని పటం

చనిపోయినవారికి పదకొండో నాడు పటం, పటం కింద పద్యం ఉండాలని ఏ శాస్త్రంలోనూ లేదు. మంథనిలో ఆ ఆచారాన్ని ప్రతిష్ఠించింది లింగమూర్తి కుంచె, బడిపంతులు అంతయ్య సారు కలం. పనుల పంపకంలో తగాదా లేదు. మెల్లకన్నుంటే మెల్లకన్ను, పన్ను ఊడితే ఊడిన పన్ను, లింగమూర్తి ఉన్నదున్నట్టు వేస్తాడు. ఆ అపచారానికి అంతయ్య సారు కింద చంద్రబింబంతోనో తామరలతోనో ప్రాయశ్చిత్తం చేస్తాడు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిది శ్రావణంలో లింగమూర్తి భార్య బాలలక్ష్మి జ్వరంతో పోయింది. అతనప్పుడు గోదావరి అవతల చెన్నూరులో, పోయిన పట్వారీ ఒకాయన పటానికి మీసాలు దిద్దుతున్నాడు. గోదావరి నిండి మూడు రోజులు పడవలు ఆగాయి. వచ్చేసరికి బూడిద మిగిలింది. ఇంట్లో ఫోటో కూడా లేదు. చిత్రకారుడి ఇంట్లో ఫోటో ఎందుకన్నది అతని సిద్ధాంతం.

ఏడుపు రాలేదు. చట్రానికి గుడ్డ బిగించాడు. నాలుగు రోజుల్లో మూడు ముఖాలు వేసి మూడూ తుడిచేశాడు. అందమైన ముఖాలే, ఎవరివో తెలియదు.

పద్యం మాత్రం తొలినాడే సిద్ధమైంది.

"చంద్రవదన, కలువకన్నులు అని రాసిన. గిది చూసి ముఖం వెయ్యి మూర్తీ" అన్నాడు సారు.

"గివే కన్నులు మొన్న గట్టయ్య తల్లికి రాస్తివి గద సారూ."

"మంచి ఆడోళ్లందరికీ అవే ఉంటయయ్యా."

లింగమూర్తి మరదలు సమ్మవ్వను అడిగాడు. "మీ అక్క ముఖం ఎట్లుండె? జర చెప్పు."

"పద్దెనిమిదేండ్లు కాపురం జేసి నన్నడుగుతున్నవా బావా? అన్నం బెడుతుంటె నువ్వు బొమ్మల దిక్కే చూస్తివి. ఒక్కనాడన్న తలకాయ ఎత్తితివా?"

ఎత్తలేదు. పళ్లెం దాకా వచ్చేది మాత్రం అతనికి బాగా తెలుసు. మరునాటి మధ్యాహ్నానికి దాన్నే వేశాడు: గంటె పట్టిన కుడిచెయ్యి, మణికట్టు మీద గంజి ఒలికి కాలిన మచ్చ, వంకర చిటికెనవేలు, మూడు ఆకుపచ్చ గాజులు.

పదకొండో నాడు సారు పటం చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దీని కింద నా పద్యం నిలవదు. ఉండనియ్, ఇంకెవలకన్న పనికొస్తది."

పక్కింటి పోచవ్వ వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆ చేతిని చూసి "బాలలక్ష్మీ!" అని కూలబడి ఏడ్చింది. లింగమూర్తి ఆ ఏడుపును పక్కవాళ్ల పెళ్లిని చూసినట్టు చూశాడు.

ముత్తయిదువగా పోయింది కనుక పటానికి నుదుట బొట్టు పెట్టాలి. సమ్మవ్వ కుంకుమ భరిణె పట్టుకుని నిలబడిపోయింది.

"నుదురేది బావా? బొట్టేడ పెట్టాలె?"

"నాకెరుక లేదు. నీకు యాదుంటది గద, నువ్వే అందాజుగ పెట్టు."

సమ్మవ్వ పటాన్ని ముట్టలేదు. పైన ఖాళీ గోడ మీద, అక్క ఎత్తు చూసుకుని, కుంకుమ వేలు నొక్కింది.

ఆ బొట్టు ఎత్తును బట్టి, బాలలక్ష్మి తన భుజం దాకా వచ్చేదని లింగమూర్తికి అప్పుడు తెలిసింది.