ఒళ్లు విదిలించని పొట్టేలు

మా ముత్తాత కొత్తపేటకు పటేలు, అంటే ఊరి పెద్ద. మా తాత కాలంలో కూడా మూడు మందల గొర్రెలు మావే ఉండేవి. పండుగైనా పెళ్లైనా మా ఇంట్లో మాంసం కొని ఎరుగరు. మా కొట్టంలో పెరిగినదాన్నే, దాన్ని అడిగి కోసేవాళ్లు. అడగడమంటే వీపు మీద నీళ్లు చల్లి ఎదురుచూడటం. అది ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు.

తెలంగాణ ఉద్యమం నాటికి మాకు మిగిలింది వాకిలి, రెండు గదులు, కిరాయికిచ్చిన ముందు భాగం, ఒక్క పొట్టేలు. ఆ ఎండాకాలం ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే వండుకొని తిని నిరసన తెలపడమన్నమాట. మాంసం తాను ఇస్తానని నాయన అందరి ముందూ మాటిచ్చారు. మా ఇంటికి ఇంకా పెట్టే చెయ్యి ఉందని చూపించడానికి ఆయనకు అంతకన్నా మంచి అదను దొరకదు.

ముందు రోజు, కిరాయికున్న గుంటూరాయన అమ్మను అడిగారు.

"చేత్తో మేపినదాన్ని ఎలా తింటారండీ?"

"మీరు దుకాణంల తెచ్చేదాన్ని ఎవలూ మేపలేదా?"

"మేం దాన్ని చూడం కదండీ."

"గదే అంటున్న. మేము సూసి తింటం."

నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది.

పొద్దున చౌరస్తా పక్కన నాయన పొట్టేలు మీద నీళ్లు చల్లారు. అది కదల్లేదు. మళ్లీ చల్లారు. కళ్లు మూసుకొని నిలబడింది. అవతల పొయ్యి మీద ఎసరు మరుగుతోంది.

"మీ పొట్టేలు సమైక్యవాది ఉన్నట్టున్నది పటేలా, ఒప్పుకుంటలేదు," అన్నాడు వంట చేసే అతను. అందరూ నవ్వారు.

"ఇగ కొయ్యుండ్రి. గొర్రెకేం ఎర్క?" అన్నాడు మళ్లీ అతనే.

"అది ఒప్పుకోనిదే కత్తి లేవది," అన్నారు నాయన.

"మాటిచ్చిన్రు గద?"

"మాట నాది. పానం దానిది."

చౌరస్తాలో ఆ రోజు పప్పుచారుతో అన్నం తిన్నారు. నాయన మెతుకు ముట్టకుండా పొట్టేలును తోలుకొని ఇంటిదాకా నడిచొచ్చారు. పొద్దున పటేలా అని పిలిచినవాళ్లెవరూ ఆగమని అనలేదు.

జరిగింది విని అమ్మ, "ఎందుకు విదిలిస్తది? ఎండలకు దినాం నేనే దాని మీద చెంబుతోని నీళ్లు పోస్తున్న. దానికి హాయిగుంటది," అంది.

మందలో పెరిగినవాటికి ఒంటి మీద నీళ్లు కొత్త. ఉలిక్కిపడి విదిలించేవేమో. అయితే ఇన్ని తరాలుగా అవి దేనికి ఒప్పుకున్నట్టు? దీన్ని ఇంత బాగా చూసుకోవడం వల్లే మా అడగడం దానికి అర్థం కాలేదా, లేక అదే దాని జవాబా? ఎటూ తెగక, నాయననే అడిగాను.

"మా నాయనను నేను అడగలే," అన్నారు. పొట్టేలుకు మేత వేస్తూ, "అడగాల్సుండె," అన్నారు.

ఆ తర్వాత ఆయన దాని మీద నీళ్లూ చల్లలేదు, కత్తీ పెట్టలేదు. దసరాకు ముందు మేత కొనలేక, మీర్‌పేట్‌లో మాంసం దుకాణం నడిపే ఒకతనికి దాన్ని అమ్మేశాం.