కొత్త బెల్లం రంగు గౌను

టీచరమ్మ పోయిందన్న కబురు నాకు కోటవురట్లలో, నేను లెక్కలు చెప్పే బడి వరండాలో అందింది. మధ్యాహ్నం అన్నాల గంట అప్పుడే కొట్టారు. పిల్లలు పళ్ళాలు మోగిస్తూ పరిగెడుతున్నారు. ఫోన్లో నా చిన్ననాటి స్నేహితుడు సత్తిబాబు. "మామా, టీచరమ్మ ఎల్లిపోనాది. పొద్దున్న టీ తాగి కుర్చీలో కూకుంది. అలాగే నిద్దరోయింది" అన్నాడు. ఆ తరవాత ఇద్దరం ఫోను పెట్టలేదు. వాడి వైపు నుంచి బెల్లం మార్కెట్లో వేలంపాట కేకలు వినిపిస్తున్నాయి. నా వైపు పళ్ళాల చప్పుడు వాడికి వినిపించే ఉంటుంది.

ఆవిడ మాకు బళ్ళో పాఠాలు చెప్పలేదు. అనకాపల్లిలో మా వీధి చివరింట్లో ఉండే సండే స్కూల్ టీచరు. మా ఇంట్లో వాళ్ళం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. అయినా ఆదివారం ఆరాధన అయిపోయి, వీధంతా భోంచేసి కునుకు తీసే వేళకి నేను ఆవిడ ముందుగదిలో చాప మీద ఉండేవాణ్ణి. మా అమ్మ అడిగితే "కథలు చెబుతుంది" అనేవాణ్ణి. అది నిజమే. కాకపోతే సగం కథలు ఏ గ్రంథంలోవో కావు, జపానువి.

ముందు ఆవిడ కథలు చెప్పే పద్ధతి మీకు చెప్పాలి. ఆవిడ దగ్గర ఒక గుడ్డ బోర్డు ఉండేది. దాని మీద బొమ్మలు అతికించి పిల్లలకి కథ చెప్పేది. గొర్రెలు, కాపరి, పడవ, చేపలు. ఎంతమంది టీచర్ల చేతులు మారాయో ఏమో, ఆ బొమ్మలన్నీ వెలిసిపోయి బూడిదరంగులోకి వచ్చేశాయి. కొత్తవి తెప్పించమంటే ససేమిరా అనేది. బొమ్మ అతికించి, ఒక పిల్లని లేపి, "ఈ కాపరి తుండుగుడ్డ ఏ రంగు? నువ్వు సెప్పు" అని అడిగేది. ఆ పిల్ల ఏ రంగంటే ఆ రంగే. ఇక జన్మలో మార్చడానికి లేదు. మరో ఏడు మరో పిల్ల వచ్చి ఇంకో రంగు అందనుకోండి, "అది ఫలానా గుంట సెప్పీసింది. సెప్పిన రంగుకి సెప్పినోలే కాపలా" అని తేల్చేసేది.

ఓడల మీద పనిచేసే ఆవిడ పిన్ని కొడుకు ఒకసారి విశాఖపట్నం రేవులో దిగి, ఒక పెట్టె నిండా వీడియో టేపులు తెచ్చి ఇచ్చాడు. జపానులో టీవీలో వచ్చిన బొమ్మల హాస్య సీరియల్. అక్కడ తరాల తరబడి నవ్వించిన సీరియలట. మన దగ్గర ఆ టేపు పెడితే బొమ్మ ఆడేది గాని రంగు వచ్చేది కాదు. ఆ దేశపు టేపులకీ మన మెషీన్లకీ పొసగదని మెకానిక్కు చెప్పాడు. మాటలు ఎలాగూ ఒక్క ముక్క అర్థం కావు. ఇంకొకరైతే పెట్టె అటక మీద పడేసేవారు. టీచరమ్మ మాత్రం సౌండు తగ్గించి, గుడ్డ బోర్డు పక్కన నిలబడ్డట్టే టీవీ పక్కన నిలబడి, కథ మొదలుపెట్టింది.

ఒక చిన్న రైల్వే స్టేషన్. అక్కడ రైళ్ళు ఆగవు. ఒక ముసలి స్టేషన్ మాస్టరు, ఆయన మనవరాలు, టోపీ పెట్టుకున్న ఒక బాతు. ఎప్పుడైనా ఒక రైలు ఆగబోతే ఆ బాతు ఏదో తగలేస్తుంది, రైలు వెళ్ళిపోతుంది. అంతే కథ. టీచరమ్మ నోట అది కశింకోట స్టేషనూ, రాజమండ్రి పాసింజరూ అయిపోయింది. వాళ్ళు తినే అన్నం ఉండలు "నల్ల కాగితంలో సుట్టిన సద్దిముద్దలు" అయ్యాయి. ముసలాయన జెండా ఊపుతుంటే వెనక నుంచి బాతు ఆయన పంచె లాగేది. జపానాయన పంచె ఎందుకు కట్టాడని మాలో ఎవరమూ అడగలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే ఆవిడకి నచ్చేది కాదు. "నవ్వు ఆపుకుంటే ఎక్కిళ్ళొత్తాయిరా" అనేది.

రంగులు ఇక్కడా మేమే చెప్పాలి. బాతు టోపీ ఎరుపు అన్నాడు సత్తిబాబు. తాతగారి గొడుగు పసుపు అన్నాను నేను. రైలు ఏ రంగని సుగుణని అడిగితే, ఆ పిల్ల మొహం గంభీరంగా పెట్టి చాలాసేపు ఆలోచించి, "మట్టిరంగు టీచరమ్మా. నిన్న మా నాన్న రైలెక్కినప్పుడు సూసేను" అంది. సుగుణ చిన్నప్పటి నుంచీ అంతే. అబద్ధం దాని నోట పలకదు, కథలోనైనా సరే. మనవరాలి గౌను దగ్గర మాత్రం టీచరమ్మ ఎవర్నీ అడగలేదు. "ఇది కొత్త బెల్లం రంగు" అని తనే చెప్పేసింది. ఎందుకని అడిగితే, "అదంతే" అంది. మేం మళ్ళీ అడగలేదు. చెరుకురసం కాచే పెనంలోంచి అప్పుడే తీసిన బెల్లం రంగు అనకాపల్లి పిల్లలకి వివరించక్కర్లేదు గదా.

ఇప్పుడు తలుచుకుంటే ఆ మధ్యాహ్నాలు నిద్రలో చూసినట్టే ఉంటాయి. కిటికీకి పాత చీర తెర. గాలి వీస్తే మార్కెట్ వైపు నుంచి బెల్లం వాసన. నిజం రైలు ఏదో కూత పెడితే అది టీవీలో రైలో, ఊళ్ళో రైలో తెలిసేది కాదు. మధ్యలో నాకు కునుకు పట్టేది. కళ్ళు తెరిచేసరికి ఆవిడ గొంతు ఇంకా నడుస్తూనే ఉండేది, తెల్లటి ప్లాట్‌ఫారం మీద బెల్లం రంగు గౌను ఎగురుతూ ఉండేది. ఆ రంగు నేను చూశాను. ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, చూశాను.

చిన్నప్పుడు పట్టిన ఈ పిచ్చి పెద్దయ్యాకా వదల్లేదు. నేను మాస్టర్నయ్యాను, సుగుణ నర్సయింది, సత్తిబాబు వాళ్ళ నాన్న బెల్లం కొట్లో కూర్చున్నాడు. ఆదివారం కలిస్తే ఏ భాగంలో బాతు ఏం తగలేసిందని తగువే. సత్తిబాబుది ఇంకాస్త ముదిరిన జబ్బు. బాతు బొమ్మ ఉన్న సబ్బు కాగితం, అగ్గిపెట్టె, ఏది కనబడినా దాచేవాడు. చివరికి ఏటికొప్పాక వెళ్ళి, లక్క బొమ్మలు చేసేవాళ్ళ ముందు కూర్చుని, తాతగారినీ మనవరాలినీ బాతునీ చెక్కించాడు. ఎర్ర టోపీ, పసుపు గొడుగు, బెల్లం రంగు గౌను. గౌను రంగు కుదరక ఆ పనివాళ్ళ ప్రాణం తీశాడట. జేబులోంచి బెల్లం ముక్క తీసి చూపించాడట, "ఇదిగో, ఇది" అని.

ఆ సీరియల్ అభిమానులు దేశదేశాల వాళ్ళు ఇంటర్నెట్లో ఒక చోట కబుర్లాడుకుంటారు. అక్కడ మనవాడు ఆ బొమ్మల ఫోటో పెట్టాడు. పెద్ద గగ్గోలు. ఈ రంగులు ఎవరూ ఎప్పుడూ చూసినవి కావు. ఇది ఏ ఏటి బొమ్మ, ఏ కంపెనీ తయారుచేసింది, ఎక్కడైనా రెండోది ఉందా అని పండితుల్లా చర్చించుకున్నారు. ఏదో అరుదైన సరుకని తేల్చారు. ఒకాయన బాతునిస్తే తన దగ్గరున్న ఆ సీరియల్ రంగుల డిస్కుల పెట్టె మొత్తం ఇస్తానన్నాడు. సత్తిబాబు ఇంకో బాతుని చెక్కించి పంపాడు. ఏటికొప్పాక బాతు ఇప్పుడు ఏ దేశంలో ఏ అద్దాల బీరువాలో ఉందో. తలుచుకుంటే నాకు నవ్వాగదు.

ఆ పెట్టె దారిలో ఉండగానే టీచరమ్మ చూపు దాదాపు పోయింది. షుగరు. వెలుగూ నీడా తెలిసేవి, రంగులు తెలిసేవి కావు. ఓ రోజు మేం ముగ్గురం ఆవిడని కొండకర్ల తీసుకెళ్ళాం. తాటిదోనెలో కూర్చోబెట్టి పెద్ద చెరువులాంటి ఆ ఆవ మీదికి వెళ్ళాం. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. పిట్టల అరుపులు వస్తున్నాయి గాని పిట్టలు కనబడటం లేదు. "ఇప్పుడు మీకూ నాకూ ఒకటే సూపు" అని నవ్వింది. తామరాకు తడిమి, "ఇది పచ్చనే గదా, ఎవరూ మార్చనేదు గదా" అంది. ఆకు వదిలి, "నాకిప్పుడు మనం సెప్పిన రంగులే మిగిలేయిరా. అయి మాత్రం ఎలిసిపోనేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో దిగులు లేదు. దిగులంతా మాకు వచ్చింది.

అందుకే డిస్కుల పెట్టె రాగానే సత్తిబాబూ నేనూ ముందు వాడి ఇంట్లో పెట్టి చూశాం. బాతు టోపీ ఆకుపచ్చ. గొడుగు నలుపు. రైలు మాత్రం మట్టిరంగే, సుగుణని ఏమనాలి! మనవరాలి గౌను నీలం. వాన వెలిసిన ఆకాశం కాదు, బాల్‌పెన్ సిరా నీలం. "టీచరమ్మకి సెప్పకూడదు మామా" అన్నాడు సత్తిబాబు. "మిగిలినయి అయ్యే అంది గదా. మనం పోయి లాగేసుకుంటామేటి?" నేనూ సరేనన్నాను. సుగుణకి చెబితే, "నన్నడిగితే మాత్రం నేను అబద్ధం సెప్పలేను" అంది. చెప్పొద్దే మహాతల్లీ, నోరు మూసుకుని కూర్చో అని బతిమాలుకున్నాం.

ఆ ఆదివారం ఆవిడ ముందుగదిలో డిస్కు పెట్టాం. టీచరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, మొహం టీవీ వైపు తిప్పింది.

"టోపీ ఎర్రదేనేటిరా, సత్తీ?"

"మిరప్పండే టీచరమ్మా!"

"నీ గొడుగో?"

"పచ్చటి పసుపండి" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినబడలేదు.

"మరైతే సుగుణా" అంది ఆవిడ, మెల్లగా. "నువ్వు సెప్పమ్మా. గౌను ఏ రంగుంది?"

సుగుణనే ఎందుకు అడిగిందో ముగ్గురికీ తెలుసు. సత్తిబాబు నా మోచేయి పట్టుకున్నాడు. తెర మీద నీలం గౌను గిరగిరా తిరుగుతోంది. సుగుణ మా మీద ఒక చూపు పడేసి లేచింది. బల్ల మీద రిమోటు తీసుకుని నొక్కుతూ నిలబడింది. గౌను నీలం పలచబడింది, టోపీ పచ్చ పోయింది, రైలు మట్టిరంగు కూడా పోయింది. మా చిన్నప్పటి తెలుపూ నలుపూ వచ్చేశాయి. అప్పుడు చెప్పింది సుగుణ:

"కొత్త బెల్లం రంగు, టీచరమ్మా."

టీచరమ్మ చెవి ఇటు పెట్టింది. "ఏటమ్మా ఆ టిక్కుటిక్కులు? సౌండు తగ్గించేవేటి?"

"నేదు టీచరమ్మా. రంగు తగ్గించేను."

ఇక దాచడానికేముంది? నేను తల దించుకున్నాను. ముందు ఒక చిన్న ఎక్కిలిలాంటిది వినబడింది. తల ఎత్తితే ఆవిడ నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం లేకుండా, కళ్ళల్లో నీళ్ళు కారేలా నవ్వుతోంది. "మంచి పని సేసేవే, నా తల్లే" అంది. "అలాగే ఉంచండి. ఇంక సౌండు కూడా తగ్గించీండి." తగ్గించాం. చూపులేని ఆవిడ గోడ గడియారం వైపు మొహం పెట్టి, కథ చెప్పడం మొదలుపెట్టింది. తెర మీద బాతు ఒకచోట, ఆవిడ కథలో బాతు ఇంకోచోట. ఏది నిజం బాతో మాకు సందేహం రాలేదు.

ఆ రోజు తగ్గించిన రంగు మళ్ళీ ఎవరమూ పెంచలేదు.

ఆవిడకి నేను రుణపడి ఉన్నాననడం చిన్న మాట. బళ్ళో ఎవడైనా సుద్దముక్కతో వేసిన గుర్రాన్ని చూపిస్తే ఇప్పటికీ "ఏ రంగురా?" అనే అడుగుతాను. వాడు చెప్పిన రంగు గుర్తుపెట్టుకుంటాను. నాకు ఆవిడ లేని లోటు ఎక్కడ తెలుస్తుందంటే ఆదివారం మధ్యాహ్నం తెలుస్తుంది. కునుకు పడుతుంది గాని, మెలకువొచ్చేసరికి గొంతు ఉండదు.

మొన్న ఆవిడ ఇంట్లో, పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చివాళ్ళు చేసే ఆదరణ కూడిక జరిగింది. పాటలయ్యాయి, ప్రార్థనయింది, వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు. చీడికాడ నుంచి వచ్చిన ఆవిడ చెల్లెలు మాత్రం మిగిలింది. పెద్దావిడ, చెరుకు పొలంలో ఎండకి మాగిన మనిషి. మేం కుర్చీలు సర్దుతుంటే, "ఈ టీవీ పాడైపోనాదేటి బాబూ? నిన్నటి నుంచీ సూత్తన్నాను, రంగు రాదు. అక్క ఇదేటి ఇలాగ ఒగ్గీసింది?" అంది.

"పాడవలేదు పిన్నీ. ఇలాగే సూడాల" అన్నాడు సత్తిబాబు. చెప్పడం చేతకాక డిస్కు పెట్టాడు.

ఆవిడ ఈ సీరియల్ ఎప్పుడూ చూడలేదు. మా రంగుల గొడవ ఆవిడకి తెలీదు. చేతిలో టీ గ్లాసుతో నిలబడి, ప్లాట్‌ఫారం మీదికి పరిగెత్తుకొచ్చిన మనవరాలిని చూసి, "ఓలమ్మ!" అంది. "ఇది మా అక్క గౌనే!"

మేం కుర్చీలు పట్టుకుని ఉండిపోయాం.

"ఇలాగే, కిందన కుచ్చులు. మాయమ్మ కిస్మస్సుకి కుట్టింది. కొత్త బెల్లం ఎలాగుంటదో, అచ్చం అదే రంగు. పొట్టయిపోతే నాకు తొడిగేరు. నాకిచ్చీసినందుకు అక్క సాన్నాళ్ళు నాతోటి మాటాడనేదు" అని నవ్వబోయి, టీవీ ముందు చాప మీద కూర్చుండిపోయింది.

సుగుణ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. తెర మీద రైలు వస్తోంది. ఆగుతుందో ఆగదో. దాని గాలికి గౌను అంచు ఒక్కసారిగా పైకి లేచింది.

"పట్టుకోవే, ఎగిరిపోద్ది" అంది చెల్లెలు, టీవీతో. ప్లాట్‌ఫారం మీద పిల్ల రెండు చేతులతో గౌను గట్టిగా పట్టుకుంది.