గిటారు జారిన చోటు

నా చిన్నప్పుడు, గిటారు తీగ మీద వేలు ఎక్కడ పడిందో కళ్లు మూసుకుని చెప్పగలిగిన చెవి మేడ్చల్ రోడ్డు మొత్తానికి నాదొక్కటే. సంగీతం తెలిసినవాళ్లు సికింద్రాబాద్ నుంచి బస్సెక్కి వచ్చి మరీ నన్ను అడిగి వెళ్లేవారు. ఇందులో నిజమెంత అంటారా? మేడ్చల్ రోడ్డు నిజం. బస్సు కూడా నిజమే. అడగడానికి వచ్చింది మాత్రం మా ఎదురింటి బ్యాంకాయన ఒక్కరే, అదీ బస్సులో కాదు, లుంగీతో రోడ్డు దాటి.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తే నాకు తేలికగా ఉంటుంది. చిన్నప్పుడు అన్నాను గానీ అప్పటికి నాకు నలభై దాటాయి. ఇది తొంభైల నడుమ జరిగిన సంగతి. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, పెళ్లాం పిల్లలతో అద్దె వాటాలో దిగినవాణ్ణి. అంతవరకు నా చెవికి తెలిసినదల్లా రేడియో పాటలూ, మా ఊరి పెళ్లి బ్యాండూ. అందుచేత వినడంలో నా బాల్యం ఆ అద్దె ఇంట్లోనే మొదలైందని చెప్పుకుంటే అబద్ధం కాదు. బట్టతల వచ్చాక మొదలైన బాల్యం, అంతే తేడా.

సుచిత్ర చౌరస్తా దాటి పైకి వెళ్తే, అప్పట్లో కొత్త కాలనీల ఇళ్ల మధ్య ఇంకా ద్రాక్షతోటలు ఉండేవి. మా ఇంటి యజమానికీ ఇంటి వెనక కొంత దూరాన ఒక తోట ఉండేది. ఆయన్ని బాబాయిగారనీ, ఆయన భార్యని పిన్నిగారనీ పిలిచేవాళ్లం. బాబాయిగారు ఆ మట్టిలోనే పుట్టారు గానీ, వయసులో ఉండగా ఇంట్లో పోట్లాడి సికింద్రాబాద్ వెళ్లి క్లబ్బుల్లో గిటారు వాయించారు. తండ్రి పోయాక తోట చూసుకోవడానికి తిరిగొచ్చి, గిటారును సంచిలో కట్టి అటక ఎక్కించారు. మళ్లీ దింపలేదు. ఆ రోజుల నుంచి ఆయన వెంట వచ్చినవి ఒక పాత టేప్ రికార్డరూ, ఒక పెట్టెడు క్యాసెట్లూ.

ఆ క్యాసెట్లలో ఉన్నది డెబ్బైల్లో విదేశాల్లో జాజ్ సంగీతాన్ని రాక్‌తో కలిపి, అక్కడక్కడ మన రాగాలనూ కలుపుకుని వాయించినది. మొదటిసారి విన్నప్పుడు టేపు పాడైందనుకున్నాను. గిటారంటే టింగుమని మీటితే మోగేదని కదా మనకు తెలుసు. ఇందులో మీటిన చప్పుడే వినిపించదు. ఎక్కడి నుంచో పొగలాగా లేచి, షెహనాయిలా సాగి, ఉన్నట్టుండి ఇనుప రేకు చింపినట్టు అరిచేది. కాసేపటికి అదే గిటారు తంబూరాలా కూర్చుని గుమ్మనేది. అడుగున డ్రమ్ములు లెక్క తప్పినట్టే తప్పి, సరిగ్గా వచ్చి కలిసేవి. వాద్యం తనకు రాని గొంతుతో మాట్లాడాలని పెనుగులాడుతున్నట్టు ఉండేది. ఆ పెనుగులాటకే నేను పడిపోయాను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు ముందు వాళ్ల ముందుగదిలో కూర్చునేవాళ్లం, నేనూ, బ్యాంకాయనా. దానికొక పద్ధతి ఉండేది. ఫ్యాను కట్టేయాలి, దాని రొద పాటలో కలవకూడదు. మాట్లాడకూడదు. కళ్లు మూసుకోవాలి. ఈ మూడోది బాబాయిగారు పెట్టింది కాదు, నేను పెట్టాను. పెద్ద పెద్ద కచేరీల్లో అలాగే వింటారని చెప్పాను. నేను ఏ పెద్ద కచేరీకీ వెళ్లలేదు.

అదే గదిలో, వీధివైపు గోడ పక్కన, పిన్నిగారి మంచం ఉండేది. ఆ ముందటేడు ఆవిడకు పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. అన్నిటికన్నా పెద్ద భయం తిండి. చెంచాతో జావ పడితే పళ్లు బిగబట్టేది. నోటితో తినకపోతే మనిషి తేరుకోవడం కష్టమని డాక్టరు చెప్పి పంపారు. బాబాయిగారు ఆ మాట ఎవరితోనూ అనేవారు కాదు గానీ, జావ చల్లారిన ప్రతిసారీ వేడిచేసి తెచ్చి మళ్లీ మంచం పక్కన కూర్చునేవారు.

ఒక క్యాసెట్టులో రెండో వైపు ఒక నెమ్మదైన పాట ఉండేది. అందులో గిటారు ఒక స్వరాన్ని పట్టుకుని అలాగే నిలబడుతుంది. నిలబడి నిలబడి, మోయలేనట్టు కిందికి జారుతుంది. గిటారు మెట్ల మీద ఎక్కడా లేనంత లోతుకు జారి, అక్కడ ఒక్క క్షణం ఆగి, మెల్లగా మళ్లీ పైకి వస్తుంది. ఆ జారుడు దగ్గర బ్యాంకాయన కళ్లలో నీళ్లు తిరిగేవి. నాకైతే ఒళ్లు గగుర్పొడిచేది, ఆ వెంటనే మాటలూ వచ్చేవి. అది ఎలా వాయించాడో నేను వివరించేవాణ్ణి. గిటారు మెడ పట్టుకుని చెక్కనే వంచుతాడని ఒక వారం చెప్పాను. తీగ మీద గాజు గొట్టం దొర్లిస్తాడని ఇంకో వారం చెప్పాను. బ్యాంకాయన అది కాలితో తొక్కితే ధ్వనిని మార్చే పెట్టె మహిమ అనేవారు.

"అన్నగారూ, మీరు చెక్క వంచండి, నేను పెట్టె తొక్కుతాను. ముందు ఆ పాట వినిపించనివ్వండి," అని ఒకసారి విసుక్కున్నారు కూడా.

బాబాయిగారు నవ్వి, "సారూ, గిటారు ఇనెతందుకు వచ్చిన్రా, ఉపన్యాసం ఇచ్చెతందుకు వచ్చిన్రా?" అనేవారు.

ఆ జారుడు ప్రతి వారం ఒకే చోట వచ్చేది కాదు. ఒకసారి కాస్త ముందు, ఒకసారి కాస్త వెనక. టేపులో ఉన్నది ఎప్పుడూ ఒకే చోట రావాలి కదా అన్న ఆలోచన చదువుకున్న మా ఇద్దరికీ రాలేదు. బ్యాంకాయన ఒకసారి అనుమానంగా మొహం పెడితే, గొప్ప సంగీతంలో చెవి ఒక్కో రోజు ఒక్కో చోట మేలుకుంటుందని నేనే సర్దిచెప్పాను. ఆయన నమ్మారు. నేను అంతకన్నా ఎక్కువ నమ్మాను.

ఇంకో సంగతి. ఆ పాట మొదలవగానే బాబాయిగారు లేచిపోయేవారు. "మీరు ఇనుండ్రి, నేను తోటల జర జూసొస్త," అని చెప్పులు వేసుకునేవారు. ఎన్నోసార్లు విన్నారు కదా, ఆయనకు మొహం మొత్తింది కాబోలు అనుకునేవాళ్లం. పాట అయిపోయాక మట్టి కాళ్లతో వచ్చి గుమ్మంలో నిలబడేవారు. వచ్చీ రాగానే టేప్ రికార్డరు వైపు కాదు, మంచం వైపు చూసేవారు. పిన్నిగారు కళ్లు తెరిచి ఉండేది. అప్పుడు జావ పడితే తాగేది. మేము వెళ్లేది ఆదివారాలే గానీ, మిగతా రోజుల్లోనూ ఆ పాట ఒక్కటీ పెట్టాకే ఆవిడ భోజనమని మా ఆవిడ చెప్పింది. ఆవిడను బతికిస్తున్నది ఆ గిటారేనని మేమంతా అనుకున్నాం. నేనైతే ఆఫీసులో నలుగురికీ చెప్పాను, చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచి.

అలాంటి గిటారుకు ఏమైనా అయితే ఎలా? ఎండాకాలంలో మా కాలనీలో కరెంటు ఎగిరెగిరి పడేది. టేప్ రికార్డరు కాలిపోతుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. ఒక ఆదివారం సికింద్రాబాద్ వెళ్లి కరెంటును నిలకడగా ఉంచే మంచి స్టెబిలైజరు కొనుక్కొచ్చాను. బాబాయిగారికి ఇది నా గురుదక్షిణ అని చిన్న ప్రసంగం చేసి తగిలించాను. ఆయన ఒక్క క్షణం దాన్నే చూశారు. ఏదో అనబోయి, ఆగి, నా భుజం తట్టారు. పాట మొదలైంది. ఎప్పటిలాగే తోటలోకి వెళ్లారు.

గిటారు స్వరాన్ని పట్టుకుంది. నిలబడింది. మేము జారుడు కోసం ఊపిరి బిగబట్టాం. స్వరం నిటారుగా, పాతిన కర్రలా అలాగే నిలబడి, ఆగిపోయింది. పాట ముందుకు వెళ్లిపోయింది. నేను కళ్లు తెరిచాను. బ్యాంకాయన అప్పటికే తెరిచి నన్ను చూస్తున్నారు.

"క్యాసెట్టు మార్చారా?" అన్నారు మెల్లగా.

బాబాయిగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. పిన్నిగారు కళ్లు మూసుకునే ఉంది. కాసేపటికి కదిలే చేత్తో దుప్పటి లాక్కుని, ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆయన జావ గిన్నె తెచ్చారు. బుజ్జగించారు, బతిమాలారు, చెంచా పెదవులకు ఆనించారు. జావ ఆవిడ గడ్డం మీదుగా కారింది. మళ్లీ పట్టారు. మళ్లీ కారింది.  

బాబాయిగారు గిన్నె కింద పెట్టి, లేచి, స్టెబిలైజరు తీగ పీకి పక్కన పెట్టారు. టేప్ రికార్డరును తిన్నగా గోడలోని ప్లగ్గుకు తగిలించి, మమ్మల్ని బయటి మెట్ల మీదికి పిలిచారు.

"గా జారుడు పాటల లేదు సారూ," అన్నారు. "నా మోటరుల ఉన్నది."

మాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తోటలకు మోటర్లు నడిపే త్రీ ఫేజ్ కరెంటు వచ్చేది ఆ మధ్యాహ్నం పూటే. ఆయన బోరు మోటరు పచ్చ బటన్ నొక్కగానే అది ఒక్కసారిగా కరెంటును గుంజుకుంటుంది. ఇంట్లో టేపు నెమ్మదిస్తుంది, స్వరం జారుతుంది. మోటరు వేగం అందుకున్నాక టేపు తేరుకుంటుంది, స్వరం పైకి వస్తుంది. మొదటిసారి అది అనుకోకుండా జరిగిందట. ఆయన మోటరు వేసి ఇంటికొచ్చేసరికి, ఎన్నో రోజులుగా కన్ను తెరవని మనిషి కళ్లు తెరిచి చూస్తోంది. గదిలో మారినదేమిటా అని వెతికితే, మోగుతున్న ఆ పాట ఒక్కటే కనబడింది. మర్నాడు మళ్లీ అలాగే చేసి చూశారు. మళ్లీ తెరిచింది. అప్పటినుంచి రోజూ ఆ స్వరం లేచే సమయానికి తోటలోకి పరుగెత్తడమే ఆయన పని.

"మరి మేము ఇన్నాళ్లూ ఆ వాయించినాయన్ని పొగుడుతుంటే చెప్పలేదేం బాబాయిగారూ?" అన్నాను.

"ఎందుకు జెప్పాలె? మీరు గాయన్ని పొగుడుతుంటే నాకు మస్తు ఖుషీ అయితుండె. గిటారు ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె. గా పచ్చబటన్ నొక్కుడే ఇగ నా వాయించుడు." నవ్వబోయారు గానీ నవ్వు పూర్తిగా రాలేదు. "ఇయ్యాల మీ డబ్బ వెట్టంగనే జారుడు ఆగుతదేమో అనుకున్న, కని ఇన్ని పైసలు వెట్టి పిరమైన సామాన్ దెచ్చిన్రు, మనసు నొస్తదని ఊకున్న. గిట్లయితదనుకోలె."

బ్యాంకాయన నావైపు తిరిగి, "అయితే చెక్కను వంచింది మోటరన్న మాట," అన్నారు. నేను లేచి టేప్ రికార్డరు దగ్గరికి నడిచాను. 

బాబాయిగారు తోటలోకి వెళ్లి మోటరు ఆపి, మళ్లీ నొక్కడానికి అక్కడే నిలబడ్డారు. నేను క్యాసెట్టు వెనక్కి తిప్పి ఆ పాట మళ్లీ పెట్టాను. స్వరం లేచి నిలబడింది. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. పిన్నిగారి వెనకతలనే చూస్తూ కూర్చున్నాను. స్వరం జారింది. గోడవైపు ఉన్న ముఖం మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు తెరుచుకున్నాయి. దుప్పటి పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. బాబాయిగారు రొప్పుతూ వచ్చి, మట్టి కాళ్లతోనే మంచం పక్కన కూర్చుని జావ పట్టారు. ఆవిడ తాగింది. గిన్నె ఖాళీ అయ్యేవరకు మా ఇద్దరిలో ఎవరమూ కదల్లేదు.

పిన్నిగారు తేరుకుంది. ముందు మాటలు ముక్కలుగా, తర్వాత నిండుగా వచ్చాయి. కర్ర పట్టుకుని నడిచింది కూడా. కొన్నేళ్లకు బాబాయిగారే ముందు వెళ్లిపోయారు. అప్పటికి రెండువేల సంవత్సరం దాటిపోయింది, తోటలు చాలావరకు ప్లాట్లయ్యాయి. ఆయన సంవత్సరీకం నాడు వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక, చుట్టూ కూర్చున్న బంధువులకు ఈ కథ చెప్పాను. కొంచెం పెంచే చెప్పాను. బాబాయిగారు పరుగెత్తిన దూరాన్ని రెండింతలు చేశాను. నా మట్టుకు నాకు ఆ రోజు నుంచి మిగిలినది కూడా చెప్పాను: అప్పటినుంచి ఏ సంగీతం వింటున్నా కళ్లు మూసుకోను, పక్కన వింటున్న మనిషి ముఖం చూస్తాను, పాట ఎవరి కోసం మోగుతోందో అక్కడ తెలుస్తుంది అని. ఇందులో మాత్రం పెంచినది లేదు, ఈనాటికీ అలాగే వింటున్నాను. ఒక గిటారు స్వరం మీద ఇష్టం మా పిన్నిగారిని చావు దగ్గర్నుంచి వెనక్కి తెచ్చిందని ముగించాను. బంధువుల్లో ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు.

కుర్చీలో కూర్చుని అంతసేపూ విన్న పిన్నిగారు కర్రతో నేల మీద కొట్టింది.

"ఇగ ఆపు కొడుకా, ఎన్నేండ్ల సంది జెప్తవు గీ కత! నాకేం ఎరుక గిటారు? గా లొల్లి నాకు ఎన్నడు నచ్చలె. మీ బాబాయి ఉన్నన్ని దినాలు ఆయన మనసు నొస్తదని నోరు దెరువలె. నా చేతులతోని పెంచిన తోట అది. ఎండకాలం, మంచంల వడ్డ, నోట మాట లేదు, తీగలు ఎండుతున్నయో ఏమో అని పానం కొట్టుకుంటుండె. మోటరు వడితె ఫ్యాను జర నెమ్మదయితుండె, గది గూడ బందు వెడితిరి, ఇగ నాకెట్ల తెలుస్తది? గా పాట గుంజుకపోతెనే మోటరు వడ్డదని సమజయితుండె. చెట్లకు నీళ్లు వారినయని తెలిసినంకనే నాకు బుక్క దిగింది."