కడప భాయ్ విసిరేసిన వెండి బిళ్ల

ఆ రోజుల్లో అసూయ అనేది ఇతరులకు వచ్చే జబ్బు అనుకునేవాణ్ణి. నేను మంచివాణ్ణనీ, పక్కవాడికి మేలు జరిగితే సంతోషించే రకాన్ననీ నా మీద నాకు గట్టి నమ్మకం. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఏసీ మెకానిక్‌గా చేరిన రెండో ఏడాది ఆ నమ్మకం కాస్తా ఇసుకలో కలిసింది. కలిపినవాడు మా గదిలో నా పక్క మంచం మీద పడుకునే కడప భాయ్. కంపెనీ పికప్ బండి నడిపేవాడు. నాకంటే మూడేళ్లు చిన్న. ఎవరినైనా ‘అన్నా’ అనే పిలుస్తాడు, ఎవరేం చెప్పినా నమ్ముతాడు. అలాంటివాడి మీద అసూయపడటానికి మనిషి ఎంత కష్టపడాలో మీరే ఆలోచించండి. నేను కష్టపడ్డాను.

దీనంతటికీ మూలం ఒక లోహాలు పసిగట్టే యంత్రం. ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా ఇంటికి పోతున్న ఒక ఫిలిప్పీనో ఎలక్ట్రీషియన్ దగ్గర కొన్నాను. పొడుగు కర్ర, దాని చివర పళ్లెం, చెవులకు పెట్టుకునే డొప్పలు. ఇసుక కింద ఇనుమో ఇత్తడో ఉంటే ‘కుయ్’ మంటుంది. (అమ్మేటప్పుడు అతను నన్ను జాలిగా చూసి నవ్వాడు. అది స్నేహం అనుకున్నాను.) పాత కోటలు, శిథిలాల దగ్గర ఇలాంటివి తిప్పడం నేరమని మా సౌదీ ఇంజనీరు ముందే హెచ్చరించాడు. కాబట్టి నాకు మిగిలింది ఊరి బయటి సముద్రపు ఒడ్డు. శుక్రవారాలు కుటుంబాలన్నీ చాపలు పరుచుకునే చోటు. ఆ ఒడ్డును నాకంటే ముందు ఎంతమంది దువ్వారో లెక్కలేదు. ఈజిప్టు వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒక రిటైరైన తెల్లాయన, అందరూ వరసపెట్టి గాలించి వదిలేసిన నేల అది. అయినా ఫోన్‌లో వీడియోలు చూసీ చూసీ, వాళ్లెవరికీ లేని పద్ధతి నాకుందని నిర్ణయించుకున్నాను.

పద్ధతి అంటే ఇది: ఒడ్డును తాళ్లతో మడుల్లా విడగొట్టి, ఒక్కో మడిలో అడుగులో అడుగు వేస్తూ నడవడం. అలా ఆరు శుక్రవారాలు నడిచాను. సోడా మూతలు, టిన్ను డబ్బాల చెవులు, గుడారం మేకులు, ఒక చెంచా దొరికాయి. బండి నడిపేది భాయే కాబట్టి భాయ్ రాక తప్పదు. వచ్చి, ఒడ్డున స్టవ్ వెలిగించి చాయ్ కాచేవాడు. ఒక రోజు స్టవ్ కదలకుండా కాలితో ఇసుక తోశాడు. దాంట్లోంచి పాత ఖిర్షు నాణెం ఒకటి బయటపడింది. ఈ దేశంలో ఇప్పటి హలాలా పైసలు రాకముందు చెలామణీ అయినది. “అన్నా, ఇదేందో సూడు,” అని చాయ్ గ్లాసుతో పాటే అందించాడు. ఆ చాయ్ నాకు చేదుగా తగిలింది. పైవారం, “ఒకసారి నాకియ్యన్నా, ఎట్ల మోగుతాదో వింటా,” అని యంత్రం అడిగి తీసుకుని, ఒంటె నడిచినట్టు ఇష్టమొచ్చిన దిక్కుకు పది అడుగులు వేసి, ఇంకో రెండు తీశాడు. నేను తాళ్లు కట్టిన మడుల్లోంచే!

ఇక నాకు అన్నం సహించలేదు. క్యాంపులో అందరూ ఆ మూడు బిళ్లల్నీ తిప్పి తిప్పి చూస్తుంటే, నా ఆరు వారాల పద్ధతి గురించి ఒక్కడూ అడగలేదు. భాయ్ గురక కూడా నన్ను వెక్కిరిస్తున్నట్టే వినపడేది. బాగా ఆలోచించి, ఆ పై శుక్రవారం ఒక పన్నాగం పన్నాను. బండ్లు ఆపే చోటు పక్కన, నీడ కోసం వేసిన పందిళ్ల కింద ఒక నేల చెక్క ఉంది. వచ్చినవాడల్లా మొదట యంత్రం తిప్పేది అక్కడే. సూది కూడా మిగలని చోటు. “భాయ్, గక్కడ ఎవ్వరు చూడలే. నువ్వు గా దిక్కు పో,” అన్నాను.

“నీకు మంచి జాగా ఇడిసిపెట్టి నాకిస్తాండావన్నా?” అని కళ్లు తుడుచుకున్నాడు. నేను పెద్దమనిషిలా తల ఊపాను.

అరగంటలో అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అరచేతిలో నల్లబడిన పెద్ద బిళ్ల. బొటనవేలితో రుద్దితే కిరీటం పెట్టుకున్న తల, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. బ్రిటిష్ కాలంనాటి మన దేశపు వెండి రూపాయి! ఒకప్పుడు ఈ తీరమంతా మన రూపాయలే నడిచాయని వీడియోల్లో విని ఉన్నాను. నేను కలలు కన్నది సరిగ్గా దాని కోసమే. అది ఊడ్చిపారేసిన నేలలో, వీడి చేతికి!

“ఎట్ల ఉండాదన్నా?” అని అడిగాడు.

నా నోట్లోంచి వచ్చిన మాటకు నేటికీ సిగ్గుపడతాను. “ఉత్త గిల్టు భాయ్. పోరగాళ్లు ఆడుకునే బిళ్ల. దేనికి పనికిరాదు,” అన్నాను. అక్కడే జారవిడిచి పోతాడనీ, నేను మెల్లగా జేబులో వేసుకోవచ్చనీ నా లెక్క.

“నువ్వు సూసినాక ఇంకేముండాది లే,” అని భాయ్ నడుము వంచి, పిల్లలు పెంకులు విసిరినట్టు, ఆ రూపాయిని నీళ్ల వైపు బలంగా విసిరేశాడు. అది ఒక్కసారి మెరిసి, అలల అంచున మాయమైంది.

తర్వాత మూడు శుక్రవారాలు నేను ఆ నీళ్ల అంచు వదల్లేదు. మోకాలి లోతున వంగి వంగి నడుము పోయింది. “ఏం ఎతుకుతాండావన్నా?” అని భాయ్ అడిగితే, తోచక, “ఉంగరం పోయింది. మా అమ్మ చేయించింది,” అన్నాను. (మా అమ్మ నాకు ఉంగరం చేయించిన పాపాన ఏనాడూ పోలేదు.) భాయ్ ముఖం వాడిపోయింది.

నాలుగో శుక్రవారం బండి వెనకాల కంపెనీ చిన్న బస్సు కూడా వచ్చింది. అందులోంచి పద్నాలుగు మంది దిగారు. మా నిజామాబాద్ తాపీమేస్త్రీలు ఇసుక జల్లించే జల్లెడలు తెచ్చారు. మెస్సు వంటాయన బియ్యం కడిగే చిల్లుల గిన్నె తెచ్చాడు. “అమ్మ చేయించిందంట, ఊకే పోనిస్తమా!” అని అందరూ ప్యాంట్లు మడిచి నీళ్లలో దిగారు. లేని ఉంగరం కోసం, ఉన్న ఒక్క సెలవు రోజు పాడుచేసుకుని, ఎండలో వంగిన పద్నాలుగు వీపుల్ని చూస్తూ నేను కూడా వంగాను. నిలబడే ముఖం లేక.

మధ్యాహ్నం కావస్తుండగా భాయ్ కేకేశాడు. “దొరికింది! దొరికిందన్నా!” అందరూ నీళ్లు చిమ్ముకుంటూ ఉరికారు. భాయ్ గుప్పిట విప్పి చూసి, నీరుగారిపోయాడు. “ఛ, ఉంగరం కాదన్నా. మొన్నటి గిల్టు బిళ్లే. ఇది మళ్లీ కాళ్లకు అడ్డం తగలగూడదు,” అని ఈసారి నడి సముద్రంలోకే విసరాలని చెయ్యి వెనక్కి ఎత్తాడు.

నేను ఎగిరి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నీళ్లలో పడ్డాం. “పారెయ్యకు! గిల్టు గాదది, అసలు వెండి! నేను అబద్ధం చెప్పిన!” అని అరిచాను.

“మరి ఉంగరం?” అన్నాడు భాయ్.

“ఉంగరం లేదు.”

వంటాయన గిన్నె కిందికి దించి, “అంటే పొద్దుగాల్నుంచి నేను బిర్యానీ వదిలిపెట్టి ఏం జల్లిస్తున్నట్టు?” అని నెమ్మదిగా అడిగాడు. ఎవరో ఒకరు ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. భాయ్ మాత్రం నవ్వలేదు. నీళ్లలో కూర్చునే నా వైపు చూశాడు. “ఎందుకన్నా?”

“అన్ని నీకే దొరుకుతున్నయని.”

“దొరికేది నా చేతిలో ఉండాదా? నాకీయి అని ఒక్క మాట అడిగింటే ఇచ్చింటి గదన్నా,” అన్నాడు. అని నా అరచెయ్యి తెరిచి, ఆ రూపాయి అందులో పెట్టి మూసేశాడు. అతని గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సిగ్గుతో పాటు అసూయ కూడా కలిగింది. ఇంత సులువుగా ఇచ్చేసే గుణం వీడికెక్కణ్ణుంచి వచ్చింది, నాకెందుకు రాలేదు అని.

నేను దాన్ని ఉంచుకోలేకపోయాను. మర్నాడు ఇంజనీరుకు చూపించాం. అంత పాతది దొరికితే పురావస్తువుల ఆఫీసులో అప్పజెప్పాలన్నాడాయన. ఆయనే వెంట తీసుకెళ్లాడు. కొన్నాళ్లకు భాయ్ పేరు మీద ముద్ర వేసిన అరబ్బీ కృతజ్ఞతా పత్రం వచ్చింది. దానికి భాయ్ అద్దం కట్టించి మంచం పైన తగిలించాడు. పొద్దున్నే కళ్లు తెరిస్తే నాకు ముందు కనిపించేది అదే. నేను అవతలి వైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాను.

భాయ్ ఊరికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. నేనింకా ఇక్కడే ఏసీలు విప్పుతున్నాను. పోయిన వారం వీడియో కాల్ చేశాడు. కొత్తగా కొన్న చేనులో బోరు వేయించాడట. కడప జిల్లాలో, మొదటి బోరుకే, బండ అడ్డు రాకుండా నీళ్లు ఎగజిమ్మాయట. ఫోన్ అటు తిప్పి చూపించాడు. ఆ ధార కింద తడుస్తూ, “సూడన్నా!” అని అతను పిల్లాడిలా గెంతుతున్నాడు. “సంతోషం భాయ్,” అన్నాను. నిజంగానే సంతోషం. ఫోన్ పెట్టేశాక, నిజామాబాద్‌లో మా పొలంలో ఎండిపోయిన మూడు బోర్లు గుర్తొచ్చి, ఛాతీలో ఎడమవైపు ఎక్కడో చిన్నగా ‘కుయ్’ మంది. ఈ వయసులో కూడానా అని నాలో నేనే నవ్వుకున్నాను.