రెండు వైపుల నుంచీ వచ్చిన ముప్పై ఏడు

మా మరదలు సాధించిన మొదటి ఘనవిజయం ముప్పై ఏడు. పదితో మొదలుపెట్టినా ముప్పై ఏడే, తొంభైతో మొదలుపెట్టినా ముప్పై ఏడే. ఇందులో ఘనత ఏముందని అడిగేవాళ్లకు నేను పూర్తిగా సమాధానం చెప్పలేను. నా చదువు ఊరి బడితో సరి. అయినా కళ్లారా చూసినవాణ్ణి కనుక రాస్తున్నాను.

ఈమె మా తమ్ముడి భార్య. పెళ్లయ్యాక, మా కిరాణా దుకాణంలో కూర్చునే డిగ్రీ పూర్తిచేసింది. మా ఇంట్లో మొదట స్కూటర్ నడిపింది కూడా ఆమే. నలభై దాటాక ఆర్థికశాస్త్రం లెక్కలను కంప్యూటర్‌తో చేయించే చదువు మీద మనసు పడింది. శిక్షణలో సీటు కావాలంటే ముందు ఒక ప్రోగ్రాం రాసి పంపాలి. ఉల్లిపాయలు ఇన్ని ఉన్నాయి, ధరను బట్టి జనం ఇంత కొంటారు. ఏ ధర దగ్గర సరుకూ గిరాకీ సమానమవుతాయి? ఇది కుదరకపోతే సీటు లేదు. వయసు రీత్యా మళ్లీ అవకాశమూ లేదు.

"ముందు ఏదో ఒక ధర ఊహించుకోవాలి బావగారూ. తప్పయితే కొంచెం జరిపి మళ్లీ చూడాలి."

"తప్పుతో మొదలుపెట్టడమేంటమ్మా? తెలుసుకునే మొదలుపెట్టొచ్చుగా?"

"తెలిస్తే ఇంక కంప్యూటర్ ఎందుకండీ!"

అదీ నిజమే అనిపించింది.

దుకాణం వెనక గదిలో బియ్యం బస్తాల మధ్య కంప్యూటర్ పెట్టుకుంది. మొదటి ఊహగా కిలో తొంభై రూపాయలు ఇస్తే అది మెల్లగా దిగి ముప్పై ఏడు దగ్గర ఆగింది. పది ఇస్తే మాత్రం జవాబు పదే అంది. ఇరవై ఇస్తే ఇరవై.

మా తమ్ముడు నవ్వాడు. "నువ్వేమంటే దానికి తలూపుతోంది. ఇన్నేళ్లూ నేను చేసిన పనేగా?"

"మీరు తలూపి మీ ఇష్టమొచ్చినట్టు చేస్తారు. ఇది అది కూడా చెయ్యట్లేదు."

ధర ఎంతెంత జరపాలో మార్చి చూసింది. మొత్తం చెరిపి మళ్లీ రాసింది. లాభం లేకపోయింది.

ఆ వారం పంచదార లారీ రాలేదు. పక్కవీధి టైలర్ వచ్చి రెండు కిలోలు అడిగాడు.

"లారీ రాలేదన్నా. ఇంటికి అరకిలోనే ఇస్తున్నాం," అంటూ మరదలు తూకం వేసి, చెయ్యి కాటా మీదే ఉంచి నిలబడిపోయింది. తర్వాత టైలర్‌ను నాకు వదిలేసి వెనక గదిలోకి పరుగు.

సంగతేమిటంటే, సరుకు చాలకపోతే మేం ధర పెంచం. ఉన్నది అందరికీ తలా కాస్త సర్దుతాం. మా నాన్న నాటి పద్ధతి. ఎవరూ అడక్కుండానే, అలవాటుకొద్దీ ఆమె దాన్ని మొదటినుంచీ ప్రోగ్రాంలో రాసేస్తోంది. అందరికీ కోత పెట్టాక కొరతే ఉండదు. కొరత లేకపోతే ధర ఎందుకు కదులుతుంది? ఆ వరుస తీసేసింది. పది మెల్లగా ఎక్కి ముప్పై ఏడు దగ్గర ఆగింది.

"అయితే మన పద్ధతి తప్పా అమ్మా?"

"తప్పు కాదు బావగారూ. ఆ శిక్షణవాళ్లు అడిగింది వేరే లెక్క."

"మరి ముప్పై ఏడు పెట్టి కొనలేనివాడు ఏమైనట్టు?"

ఆమె తెర మీద వేలు పెట్టి వరుసలన్నీ వెతికింది. "ఇందులో లేడండీ. అక్కడికి వెళ్లాక అడుగుతాను."

సీటు వచ్చింది, వెళ్లింది. నాకు మాత్రం ఆ కొనలేనివాడు ఎటు పోయాడో ఇంకా అంతుబట్టలేదు. అక్కడ అడిగిందో లేదో, ఆమె తిరిగి వచ్చేది నవంబరు పద్నాలుగున.