కాపలా కణాలు

కాకినాడలో అమ్మకి స్కానింగ్ చేయించి యానాం బస్సెక్కాం. రొమ్ము కేన్సర్ మెదడుకి పాకిందని డాక్టరు ఆ రోజే చెప్పారు. అమ్మ కిటికీ వైపు తిరిగి, "మందులన్నీ వేళకే వేసుకున్నాను గదరా. ఎక్కడ తప్పు చేశానో" అని పదే పదే అంటోంది.

ఆమె పక్కన కూర్చున్న అమ్మాయి చాలాసేపు విని, మెల్లగా మాట కలిపింది. కేన్సర్ మీదే పరిశోధన చేస్తోందట. సెలవులకి అమలాపురం వెళ్తోందట.

"మెదడులో కాపలా కాసే కణాలుంటాయండి పిన్నిగారూ. కేన్సర్ వస్తే అవే చంపాలి. ఒక్కోసారి అది వాటిని లోబరుచుకుని, తను పెరగడానికే వాడుకుంటుంది. ఇందులో మీ తప్పేం లేదండి."

"కాపలావోళ్లే మోసపోతే ఇంక నేనేం చేస్తానమ్మా" అంది అమ్మ. ఆ అమ్మాయి వైపు తిరిగి, "మరి వాటిని మళ్ళీ మనవైపు తిప్పలేరా?" అని అడిగింది.

"అదేనండి మా ప్రయత్నం. ఇంకా పూర్తిగా కుదరలేదండి."

"చెయ్యండమ్మా. నాకందకపోయినా ఎవరికో ఒకరికి అందుద్ది."

ఆ అమ్మాయి అమ్మ చెయ్యి పట్టుకుంది. మేం యానాంలో దిగేవరకు వదల్లేదు.

అప్పటిదాకా మా ఊరు కనకాలపేటలో ఎవరడిగినా నాచేత జ్వరమనే చెప్పించేది అమ్మ. మర్నాటి నుంచి తనే అరుగు మీద కూర్చుని జబ్బు పేరు చెప్పేది. పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్లు కబుర్లలో పడి పొద్దుపోయేదాకా ఉండిపోయేవారు. అమ్మకది ఆఖరి వానాకాలం. ఇప్పుడు తలుచుకుంటే నాకు ముందు వినిపించేది ఆ అరుగు మీది నవ్వులే.