పది పక్కన నాలుగు చుక్కలు

మొన్న మా ఇంట్లో ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే వచ్చిన ఎలక్ట్రీషియన్, పైన గిన్నె విప్పి చూసి, కెపాసిటర్ మార్చాలన్నాడు. కండెన్సరా అని నేనడిగితే నవ్వి, ఆ పేరు తన తాత నోట విన్నానన్నాడు. నాకు కోపం రాలేదు సరికదా, ఆ మాట వెంటే తమిళనాడులోని మా ధర్మపురి బస్టాండు వెనక సందూ, కొబ్బరి చిప్పలూ, మా వదినా వరసగా గుర్తుకొచ్చారు. నా ఈడు వాళ్ళకు రేడియో గురించి చెప్పనక్కర్లేదు కనుక సూటిగా విషయానికి వస్తాను. వస్తాననే అంటాను కానీ, దారిలో నాలుగు చోట్ల ఆగుతానని నా వాళ్ళకు తెలుసు.

ఎనభైల మొదట్లో ఆ సందులో ఒక పెంకుటింట్లో రేడియోలు బిగించే చిన్న పట్టరై ఉండేది. పట్టరై అంటే కార్ఖానా. తమిళ మాటే, అయినా మాకు అదే తెలుగు. మా వాళ్ళు ఆ నేల మీద ఎన్ని తరాలుగా ఉన్నారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నేను తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నది పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచాకే. పది వరకూ తమిళంలో చదివానని నన్ను సోల్డరింగ్ పనికి తీసుకున్నారు. యజమానిని అందరం మాస్టర్ అనేవాళ్ళం. ఆయన బెంగుళూరు నుంచి విడిభాగాలను కలగాపులగంగా బస్తాల్లో తెచ్చేవాడు. వాటిని ఏరి, ఒక్కో విలువ కండెన్సర్లను ఒక్కో కొబ్బరి చిప్పలో వేసి పెట్టడానికి ఒక మనిషి కావలసివచ్చింది.

ఆ పనికి మా వదినను కుదిర్చాను. అన్న బెంగుళూరులో కట్టడం పనికి పోయి నెలకోసారి వచ్చేవాడు. వదిన కలుపు తీసే కూలికి పోయేది. ఒక వానాకాలం గట్టు మీద జారిపడి నడుము పట్టేశాక, వంగి పని చేయడం ఆమె వల్ల కాలేదు. కూర్చుని చేసే పని నాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఐదో తరగతి చదివిందని మాస్టర్‌తో అబద్ధమాడాను. నిజానికి ఆమె బడి గుమ్మం తొక్కలేదు, అంకెలు మాత్రం వచ్చు. బస్సు నెంబర్లు చూసుకుని బొమ్మిడికీ, బి. మల్లాపురానికీ ఒంటరిగా పోయి వచ్చేది. కండెన్సర్ల మీద ఉండేవి అంకెలే కదా, ఇంకేం కావాలని నా ధీమా.

రెండు వారాలు గడిచాయో లేదో, ఒక విడత రేడియోలన్నీ కీచుగొంతుతో పలికాయి. వార్తలు చదివే ఆయన రేకు డబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. మాస్టర్ ఒకదాన్ని విప్పితే 104 ఉండాల్సిన చోట 103 ఉంది, ఇంకోదాంట్లో 102. వదిన ఆ మూడింటినీ ఒకే చిప్పలో పోసింది, చిప్ప మీది నమ్మకంతో నేను చూడకుండా బిగించేశాను. చాటుగా అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పింది: “నూటినాలుక్కీ నూటిమూడుకీ ఒకటే కదా తక్కువ. నూరు మంది కూలికి పోయిన తావ ఒకరు రాకుంటే పని నిలిచిపోతాదా?”

ఆ అంకెల సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మొదటి రెండూ అంకెలు, మూడోది వాటి పక్కన పెట్టాల్సిన సున్నాల లెక్క. 104 అంటే పది పక్కన నాలుగు సున్నాలు, లక్ష పికోఫారడ్లు, కండెన్సర్లకు అదే కొలత. 103 అంటే పదివేలే. తేడా ఒకటి కాదు, పది రెట్లు. మాస్టర్ మంచివాడే కానీ ముక్కు మీద కోపం. చదువు రాని మనిషిని తెచ్చి అంటగట్టానని నన్ను చెడామడా తిట్టి, సోమవారం పరీక్ష పెడతాననీ, తప్పితే వదిన ఇక రానక్కర్లేదనీ తేల్చేశాడు.

ఆదివారమంతా పాఠం చెప్పాను. పికో, మైక్రో అంటూ నేను గొంతు చించుకున్న కొద్దీ వదిన మొహం వాడిపోయింది. చివరికి నాకే విసుగొచ్చి పలక పక్కన పడేశాను. ఆ విసుగుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సాయంత్రం వాకిలి చిమ్మి, నడుము నొప్పితో పీట మీద కూర్చుని ముగ్గుకు చుక్కలు పెడుతూ పెడుతూ, వదిన తలెత్తింది. “అట్లంటే ఆకరి నెంబరు, ఎన్ని చుక్కలు పెట్టాలో చెప్తాదన్న మాట. ఇంతేనా? దీనికా పొద్దున్నించి నా పానం తీసినావు?” అంది. పది వేసి పక్కన నాలుగు చుక్కలు, నలభైఏడు వేసి మూడు చుక్కలు, ఇలా వాకిలంతా నింపేసింది. ఆ రోజు మా ఇంటి ముందు ముగ్గు లేదు, కండెన్సర్లే.

సోమవారం మాస్టర్ గుప్పెడు గోధుమరంగు కండెన్సర్ బిళ్ళలు బల్ల మీద పోశాడు. వదిన పెదవులు కదుపుతూ, వేలితో బల్ల మీద చుక్కలు పెట్టుకుంటూ ఒక్కొక్కటే చిప్పల్లో వేసింది. అంతా సవ్యంగా సాగుతుండగా 100 అని ఉన్న బిళ్ళ వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి పది విలువ బిళ్ళల చిప్పలో వేసింది. రెండేళ్ళుగా నేను దాన్ని నూరు కిందే బిగిస్తున్నాను. ఉండబట్టలేక, అది నూరు వదినా అని నోరు జారాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. “ఆకర సున్నా ఉండాది కదా పాపా. సున్నా అంటే చుక్కే లేదు. పది పదే” అంది. మాస్టర్ ఆ బిళ్ళను మీటరుకు తగిలించాడు. ముల్లు పది దగ్గర ఆగింది.

ఆయన పొగడలేదు. తన స్టూలును వదిన వైపు జరిపాడు. అప్పటిదాకా ఆమె గోనెపట్టా మీద కూర్చునేది. నా వైపు తిరిగి, పదో తరగతి వాళ్ళు ఇక మీద ఈ ఐదో తరగతి ఆమె దగ్గర పాఠం చెప్పించుకోవాలన్నాడు. నా అబద్ధం ఆయనకు అప్పటికే తెలుసు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. పట్టరై మూసేసేదాకా వదిన ఆ స్టూలు మీదే ఉంది, కొత్తగా చేరిన వాళ్ళకు చుక్కలతోనే నేర్పింది.

ఇప్పుడు ఆ సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణాలున్నాయి. వాటిలోని కండెన్సర్లు నువ్వుగింజంత, ఒంటి మీద ఒక్క అంకె కూడా ఉండదట. మా ఊరి పక్కనే ఉన్న చెట్టికరై ఇంజనీరింగ్ కాలేజీలో చదివే మా మనవరాలు చెప్పింది. దానికి నాకు బెంగ లేదు, పనులు మారతాయి, నేర్చుకునేవాళ్ళు నేర్చుకుంటారు. గుచ్చుకునేదల్లా ఒక్కటే, ఇప్పుడు ఏ కంపెనీకి పోయినా గేటు దగ్గరే సర్టిఫికెట్ అడుగుతారు, వదిన లాంటి మనిషి బల్ల దాకా చేరే దారి లేదు. అయినా తనకు తెలిసిన దాంతోనే కొత్తది పట్టేసే ఆడవాళ్ళు అయిపోలేదు, వాళ్ళ ముందు గుప్పెడు బిళ్ళలు పోసి కాసేపు ఓపికగా చూసే మాస్టర్లూ పుట్టకపోరు. ఆ పక్కన మాత్రం నాలాగా తొందరపడి నోరు జారే చదువుకున్న మనిషి లేకుంటే చాలు.